రెండో పేజీ

పదకొండో భాగం

కిందటి వారం మనం ప్రశ్నలమ్మని కమిటీ గది బయట వరండాలో వదిలి వచ్చాం. ఆవిడ ఇంకా అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉందనుకుంటే పొరపాటు. గుమస్తాగా చేరి ఆఫీసరు దాకా వచ్చిన మనిషికి నిలబడి బాధపడే తీరిక ఎక్కడిది? ఆ సాయంత్రమే మూడు ఫైళ్లు పంపించి, సొరుగు తాళం వేసి, బస్సు పట్టుకుని ఇంటికి పోయింది. ఇప్పటికి తొమ్మిది రోజులైంది.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం జరిగింది మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. ప్రభుత్వ లాంచీల సంస్థకి చెందిన ఏడో నంబరు లాంచీ రెండు నెలల కిందట, పట్టపగలు, నిండా జనంతో వచ్చి రేవు గోడని గుద్దింది. చుక్కాని తిప్పే గొలుసు తెగిపోయింది. ఒక దర్జీ ప్రాణం పోయింది. పద్దెనిమిది మందికి కాళ్లో చేతులో విరిగాయి. సంస్థ వారు తెగిన గొలుసు జోలికి పోకుండా లాంచీ నడిపిన సరంగుని పట్టుకున్నారు. నిర్లక్ష్యం అని ఒక్క మాట రాసి, ఇరవై ఆరేళ్ల సర్వీసున్న మనిషిని సస్పెండు చేసి, క్వార్టర్సు ఖాళీ చేయించారు. ఆ సరంగు ఎవరో కాదు, ప్రశ్నలమ్మ ఆడపడుచు మొగుడు. భార్యాభర్తలిద్దరూ రెండు పెట్టెలతో వచ్చి ఆవిడ ఇంట్లోనే ముందుగదిలో దిగారు.

ప్రశ్నలమ్మ పనిచేసేదేమో పార్లమెంటు వారి ప్రభుత్వరంగ సంస్థల కమిటీలో. సర్కారు సొమ్ముతో నడిచే కంపెనీల్ని ఏడాదికోసారి పిలిచి నిలదీసే కమిటీ అది. నిలదీసేది సభ్యులే గానీ, ఏమని నిలదీయాలో కాయితం మీద రాసిచ్చేది మాత్రం ఈవిడ. అందుకే ఆ పేరు వచ్చింది. లాంచీల సంస్థ ఫైలు పంతొమ్మిదేళ్లుగా ఈవిడ చేతిలోనే ఉంది. సరంగుతో తనకి చుట్టరికం ఉందని ఆఫీసులో మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మొదటి రోజు చెప్పని మాట రెండో రోజు చెప్పడం కష్టమైంది, నెల తిరిగేసరికి అది దాచిన మాట కింద తేలింది.

పోయిన సిట్టింగులో సంస్థ ఎం.డి.ని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఆఖర్న, వెనక వరస నుంచి ఎవరో అందించిన చీటీ చూసి ఆయన ఒక ముక్క అన్నాడు. "చుక్కాని గొలుసు పాడైందని మూడేళ్ల కిందటే కమిటీకి రాతపూర్వకంగా తెలియజేశామండి." అప్పటికి చైర్మన్ గారు ఆవలిస్తున్నారు, సభ్యుల్లో ముగ్గురు లేచి వెళ్లిపోయారు. ఆ ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. ప్రశ్నలమ్మ చెవికి ఎక్కింది. అక్కడే మనం కథ ఆపాం.

* * *

మూడేళ్ల నాటి ఫైలు కావాలని మర్నాడే చీటీ రాసింది ప్రశ్నలమ్మ. రికార్డు గది వాళ్లు మామూలుగా పదిహేను రోజులు తిప్పుతారు, ఈసారి ఏం బుద్ధి పుట్టిందో మూడో రోజే దుమ్ము దులిపి మరీ తెచ్చిచ్చారు. ఆరు రోజులుగా ఆ ఫైలు బల్ల మీద, మిగతా ఫైళ్ల అడుగున ఉంది. దాని తాడు విప్పలేదు. రోజూ పొద్దున ఇవాళ చూద్దాం అనుకోవడం, సాయంత్రం దాని మీద ఇంకో ఫైలు పెట్టడం. తెలియకపోయినన్నాళ్లూ ఇంట్లో ముందుగదిలోంచి నడిచి వెళ్లడానికి కాళ్లు ఆడతాయి కదా, అదీ సంగతి.

ముందుగది సంగతి కూడా చెప్పాలి. పని లేకుండా కూర్చోవడం సరంగుకి చేతకాదు. వచ్చిన వారంలోనే తలుపు బందులకి నూనె పోశాడు. కుళాయి వాషర్లు మార్చాడు. తిరగలేక మూలిగే ఫ్యాను విప్పి, తుడిచి, బిగించాడు. బావగారికి, అంటే ప్రశ్నలమ్మ భర్తకి, కళ్లజోడు కాడ వదులైతే అది కూడా బిగించి ఇచ్చాడు. రెండు నెలలకి ఇంట్లో చెడిపోయిన వస్తువు మిగల్లేదు. ఇప్పుడు బాగున్న వాటిని విప్పుతున్నాడు.

ఆడపడుచు మాత్రం రోజూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అడిగేది. "వదినా, అక్కడ మన సంగతేమన్నా వచ్చిందా?" ప్రశ్నలమ్మ కూడా ఒకే మాట చెప్పేది. "అది నా చేతుల్లో లేదమ్మా."

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. బయట మబ్బు పట్టి గదిలో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. పక్క సీటాయన సెలవు. ప్రశ్నలమ్మ విద్యుత్ సంస్థ వారి జవాబులకి ట్యాగులు గుచ్చుకుంటూ ఉంటే గుమ్మంలో ఎవరో దగ్గారు.

"నమస్కారమమ్మా. లాంచీల సంస్థ నుంచి వచ్చాను. సాక్ష్యం ప్రతి దిద్ది పంపించారు. ఇచ్చి రసీదు తీసుకురమ్మన్నారు."

"అక్కడ పెట్టండి" అంది తలెత్తకుండా.

కమిటీ ముందు ఎవరేం మాట్లాడినా రిపోర్టర్లు పొల్లు పోకుండా రాసుకుంటారు. ఆ ప్రతిని సాక్షికి పంపుతారు. వారం లోపల తప్పులేమన్నా ఉంటే దిద్ది వెనక్కి పంపాలి. ఊరి పేరు తప్పు పడితేనో, అంకె తారుమారైతేనో దిద్దుకోవచ్చు గానీ, అన్న మాట అనలేదనడానికి వీల్లేదు. అదీ పద్ధతి. కవరు అందుకోబోతూ ప్రశ్నలమ్మ దాని మీద చేతిరాత చూసింది. గుండ్రటి అక్షరాలు, ఒకదాన్నొకటి తగలకుండా ఎడం ఎడంగా ఉన్నాయి. అప్పుడు తలెత్తింది.

"మీరేనా?"

"నేనేనమ్మా" అన్నాడాయన.

పంతొమ్మిదేళ్లుగా ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకీ లాంచీల సంస్థ తరఫున జవాబు రాస్తున్న మనిషి ఆయన. అక్కడ ఆయన్ని జవాబులయ్య అంటారని ప్రశ్నలమ్మకి ఎవరో ఎప్పుడో చెప్పారు. ఒకరినొకరు ఎన్నడూ పలకరించుకోలేదు, ఫోన్లో గొంతు కూడా వినలేదు. సిట్టింగుల్లో వెనక వరసలో కూర్చునే పది మంది గుమస్తాల్లో ఆయనెవరో ఈవిడకి తెలియదు. తీరా చూస్తే బక్కపల్చటి మనిషి, చొక్కా జేబుకి రెండు కలాలు, చంకలో గుడ్డ సంచీ. మనసులో ఇన్నాళ్లూ లావుగా, బట్టతలతో ఊహించుకుంది ఎందుకో.

"కూర్చోండి. మావారి ఉత్తరాల కన్నా మీ జవాబులే ఎక్కువ చదివానండీ ఈ జన్మకి."

ఆ మాటకి ఆయన నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

ప్రశ్నలమ్మ ప్రతి తిరగేసింది. అరవై పేజీల దాకా ఒక్క గీత లేదు. అరవై ఒకటో పేజీలో ఒకే ఒక్క వాక్యం మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. మూడేళ్ల కిందటే తెలియజేశామన్న ముక్క అది. పక్కన మార్జిన్లో 'పొరపాటున దొర్లినది, తొలగించగలరు' అని, దాని కింద ఎం.డి. సంతకం.

"ఇది కుదరదండీ. అన్నది అందరూ విన్నారు."

"అందరూ వినలేదమ్మా. మీరు విన్నారు, రాసుకున్న రిపోర్టరు విన్నాడు. రిపోర్టరుకి అది రోజూ వినే పదివేల మాటల్లో ఒకటి. కుదరదంటారని నాకు తెలుసు. అయినా ఒక్కసారి ఆలోచించండి. అది పోతే మీకే మంచిది."

"నాకేమిటి మంచి?"

"ఆ రోజు చీటీ అందించింది నేనే. మా ఎం.డి.కి అందులో ఏముందో తెలియదు, చదివేశాడు అంతే. కారెక్కాక నన్ను పిలిచి ఏమిటయ్యా ఇది అన్నాడు. కాయితం చూపించాను. తన సంతకం చూసుకుని రెండు రోజులు ఆఫీసుకి రాలేదు." ఆయన చూపు బల్ల మీది ఫైళ్ల దొంతర వైపు పోయింది. "మీరు అది తీసి చూశారామ్మా?"

"లేదు" అంది ప్రశ్నలమ్మ. ఆ పూట అబద్ధమాడే ఓపిక కూడా లేదు ఆవిడకి.

అడుగునున్న ఫైలు లాగి, తాడు విప్పింది. మూడేళ్ల కిందటి కమిటీ ఆ సంస్థకి ఇరవై రెండు సిఫార్సులు చేసింది. పదకొండోది చుక్కాని గొలుసుల గురించి: పాత లాంచీలన్నిటికీ వెంటనే మార్చాలని. దాని కింద సంస్థ జవాబు గుచ్చి ఉంది. మొదటి పేజీ ఆవిడకి చూడకుండానే నోటికి వచ్చు. 'కమిటీ వారి సూచనను సంస్థ గౌరవపూర్వకంగా స్వీకరించినది. ఈ దిశగా తగిన చర్యలు చేపట్టడమైనది.' ఆ తర్వాత నిండా లాంచీల జాబితా. జవాబులయ్య ఏ జవాబు రాసినా ఎత్తుగడ ఇదే. అలా మొదలైందంటే పని జరిగిపోయిందనో, జరగబోతోందనో అర్థం. పంతొమ్మిదేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పలేదు.

"పేజీ తిప్పండి" అన్నాడాయన.

తిప్పింది. రెండో పేజీలో ఏడు వాక్యాలే ఉన్నాయి. ఏడో నంబరు లాంచీ గొలుసు మార్చలేదు. మూడుసార్లు అడిగినా పైనుంచి అనుమతి రాలేదు. అరిగిన చోటల్లా అతుకులు వేసి నడుపుతున్నారు. వరద నీటిలో నిండు లాంచీని ఆ గొలుసు తిప్పగలదని ఇంజనీర్లు హామీ ఇవ్వలేమంటున్నారు. సంస్థ తనంతట తాను చేయగలిగింది ఇంకేమీ లేదు. కమిటీ మరోసారి గట్టిగా నిలదీస్తే తప్ప ఈ పని కదలదు. ప్రయాణికుల క్షేమం దృష్ట్యా కమిటీ వారు ఈ సిఫార్సును ఎట్టి పరిస్థితిలోనూ వదిలిపెట్టరాదని మనవి. ఆ కింద ఎం.డి. సంతకం.

పేజీ అడుగున, కుడి మూల, ఆకుపచ్చ సిరాతో ఒక చిన్న టిక్కు, రెండు పొడి అక్షరాలు, తేదీ. చూసిన ప్రతి పేజీ మీదా పరిశీలించిన ఆఫీసరు గుర్తు పెట్టాలి. ఆ అంతస్తులో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే.

ప్రశ్నలమ్మ ఆ ఏడు వాక్యాలూ మళ్లీ మొదటి నుంచి చదివింది. ఇంతకు ముందు ఎప్పుడూ చదవలేదని రెండోసారి చదివేటప్పుడు ఖాయంగా తెలిసింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒకే ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాశానమ్మా" అన్నాడు జవాబులయ్య. "మొదటి పేజీలో రాస్తే సంతకం కాదు. మా ఎం.డి. మొదటి పేజీ చూస్తాడు, ఆఖర్న సంతకం పెడతాడు. మధ్యలో ఏముందో ఆయనకే కాదు, మా దగ్గర ఎవరికీ అక్కర్లేదు. అందుకని రెండో పేజీలో పెట్టాను. మావాళ్ల కళ్లు కప్పి మీ కంట్లో పడాలని."

"నా కంట్లో పడుతుందని మీకేం నమ్మకం?"

"అదేంటమ్మా అలా అంటారు. పదేళ్ల కిందట ఒక జవాబు వెనక్కి పంపారు గుర్తుందా? అనుబంధంలో నాలుగో పేజీ, అడుగున సన్నక్షరాల్లో ఒక తేదీ తప్పు పడింది. నేనే చూసుకోలేదు, మీరు పట్టుకున్నారు. ఆవిడ ఆఖరి అక్షరం దాకా చదువుతుందిరా, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి అని మా సెక్షన్లో అందరికీ చెప్పాను."

గుర్తుంది. అప్పట్లో ఆవిడ అలాగే చదివేది. ఎప్పటి నుంచి మానేసిందో చెప్పమంటే చెప్పలేదు. ఒక రోజు అనుకుని మానేసింది కాదు. ఏటేటా జవాబుల దొంతర పెరిగింది, పక్క సీట్లు ఖాళీ అయ్యాయి, మొదటి వాక్యం చూస్తే మిగతాది తెలిసిపోవడం మొదలైంది. జవాబుల్ని మూడు కుప్పలు చెయ్యాలి: ఒప్పుకున్నవి ఒకటి, జవాబు విన్నాక కమిటీ ఇక పట్టుబట్టనివి ఒకటి, చాలవని తిప్పికొట్టేవి ఒకటి. మూడేళ్ల కిందట కమిటీ గడువు తొమ్మిది రోజుల్లో ముగుస్తుందనగా నూట పన్నెండు జవాబులు వచ్చి పడ్డాయి. రిపోర్టు పల్చగా ఉండాలన్నారు చైర్మన్. తిప్పికొట్టేవి ఎంత తక్కువుంటే అంత పల్చన. గౌరవపూర్వకంగా స్వీకరించినవన్నీ ఒక పక్కకి లాగి, ఇక పట్టుబట్టనివాటిలో పడేసి, మూలలు విసనకర్రలా విప్పి వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆ వారం మావారికి కంటి ఆపరేషను కదా అని ఇప్పుడు మనసులో ఒక సాకు లేచింది. వెంటనే గుర్తొచ్చింది, ఆపరేషను జరిగింది ఆ తర్వాతి వారం.

తప్పు తనదైనప్పుడు ముందు కోపం ఎదుటివాడి మీదే వస్తుంది. ప్రశ్నలమ్మకీ వచ్చింది.

"నేను చూడలేదే అనుకోండి. మీరేం చేశారు? మళ్లీ ఒక ముక్క రాయలేకపోయారా? ఒక్క ఫోను చెయ్యలేకపోయారా? మూడేళ్లండీ."

"ఎందుకు చేస్తానమ్మా? మీ రిపోర్టు వచ్చింది. పదకొండో సిఫార్సు ఎక్కడుందా అని వెతికితే, ఇక పట్టుబట్టనివాటిలో ఉంది. అంటే ఈవిడ చదివింది, చదివే వదిలేసింది, పైనుంచి ఎవరో చెప్పి ఉంటారు అనుకున్నాను." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "మూడేళ్లూ మిమ్మల్ని పిరికిదని తిట్టుకున్నాను. చదవలేదన్న ఊహే నాకు రాలేదు. మొన్న సిట్టింగులో మీకు గుర్తు చేద్దామనే చీటీ అందించాను, ఎం.డి. ఆ ముక్క అన్నప్పుడు మీ ముఖం చూశాను. అప్పుడు తెలిసింది."

ప్రశ్నలమ్మకి పిరికిదాన్నే అయి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. పిరికివాళ్లకి కనీసం ఏదో తెలిసి ఉంటుంది.

జవాబులయ్య సంచీలోంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టాడు. అదే రెండో పేజీ. "మా ఆఫీసు కాపీ ఇది. ఎం.డి. ఫైల్లోంచి తీసి చించెయ్యమన్నాడు. చించానని చెప్పాను. మీ ఫైల్లోది ఒకటి, ఇదొకటి, లోకంలో ఇంకోటి లేదు. రెండూ మీ ముందున్నాయి. ఆ కొట్టేసిన వాక్యాన్ని కొట్టేసినట్టే ఉంచండి. ఆయన తన కోసం కొట్టేశాడు, పోనీ మీకూ పనికొస్తుంది. రిటైర్మెంటుకి ఇంకెన్నాళ్లమ్మా మీకు?"

"ఏడు నెలలు."

"నాకు రెండు. నేను నోరు విప్పను."

"మరి ఆ సరంగు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "శాఖా విచారణ సోమవారంతో అయిపోతుంది. ఉద్యోగం పోయినట్టే. మనిషి ప్రాణం పోయింది కాబట్టి కోర్టు కేసు వేరే. జైలు తప్పదంటున్నారు. మంచివాడేనట పాపం. మూడుసార్లు గొలుసు మార్చమని లాగుబుక్కులో రాశాడు. లాగుబుక్కు కనపడ్డం లేదు."

పాపం అన్న మాట ఆయన ఎంత దూరపు మనిషి గురించో అన్నట్టు అన్నాడు. ఆయనకి తెలియదు కదా. ఆ దూరపు మనిషి ఆ పొద్దునే వంటింట్లో ప్రశ్నలమ్మ టిఫిను క్యారేజీ క్లిప్పు వదులైందని గమనించి, పట్టకారుతో నొక్కి, "ఇంక ఊడదు చెల్లెమ్మా" అని చేతికిచ్చాడు.

ప్రశ్నలమ్మ ఆకుపచ్చ కలం తీసింది. ఎర్రగీత పక్కన, ఎం.డి. సంతకం కింద రాసింది. 'ఈ దిద్దుబాటు వల్ల సాక్ష్యం అర్థం మారుతున్నది. అంగీకరించలేదు.' పొడి అక్షరాలు, తేదీ. ధైర్యం వచ్చి కాదు, ఇంకోలా రాయడానికి ఓపిక లేక.

"రసీదు ఇస్తాను, కూర్చోండి" అని, ఫైలూ ప్రతీ పట్టుకుని కార్యదర్శి గదికి నడిచింది.

కమిటీ కార్యదర్శి ఆవిడ కన్నా పదిహేనేళ్లు చిన్న. మంచివాడే గానీ, ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర నుంచి రోజుకి రెండు తలనొప్పి మాత్రలు మింగుతున్నాడు. ప్రతి చూశాడు, ఆకుపచ్చ సిరా చూశాడు.

"మేడమ్, ఏడు నెలల్లో వెళ్లిపోతున్నారు. ఒక వాక్యం. ఉన్నా పోయినా ఎవరూ అడగరు."

"ఇది కూడా చూడండి సార్."

రెండో పేజీ చదవడానికి ఆయనకి ఒక నిమిషం పట్టింది. అడుగున గుర్తు చూశాక కుర్చీ వెనక్కి వాలి కళ్లు నొక్కుకున్నాడు.

"ఇది మీ టిక్కేనా?"

"నాదే సార్."

"చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా?"

"చదవకుండా."

"ఆ మాట మీరు నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది" అన్నాడు నీరసంగా. డైరీ తెరిచాడు. "సరే. చెప్పాక విననట్టు ఉండలేను. చైర్మన్ గారితో ఇప్పుడే మాట్లాడతాను. రేపు పదకొండున్నరకి లాంచీల వాళ్ల సిట్టింగు ఉంది. ముందు మీరు సాక్షిగా కూర్చోవాల్సి వస్తుంది. కమిటీ ఆఫీసరు కమిటీ ముందు సాక్ష్యం చెప్పడం నాకు తెలిసి జరగలేదు."

"కూర్చుంటాను సార్."

"మీకు వేసే ప్రశ్నావళి సభ్యులకి ఈ సాయంత్రమే వెళ్లాలి." అలవాటుగా గోడ మీది పని పట్టిక వైపు చూశాడు. "లాంచీల సంస్థ ఎవరి సీటు... ఆ, మీదే కదా. పక్కాయన సెలవు. అయిదింటికల్లా పంపించండి మేడమ్."

ఎగతాళి చెయ్యలేదు పాపం. పని ఏ సీటుదో చూసి చెప్పాడంతే. ఒక్క క్షణం తర్వాత తానేమన్నాడో తట్టినట్టు ముఖం ఎత్తాడు, కానీ అప్పటికే చైర్మన్ గారి ఇంటికి ఫోను కలిసింది. ప్రశ్నలమ్మ ఇంకో మాట చెప్పాలని నిలబడింది. చుట్టరికం మాట. ఆయన ఫోను మూసి పట్టుకుని చేత్తో సైగ చేశాడు, ఇక వెళ్లమన్నట్టు. మాట నోట్లోనే పెట్టుకుని బయటికి వచ్చింది.

గదిలో జవాబులయ్య కదలకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. కాగితపు రసీదు తీసుకోకుండా ఈ మనిషి వెళ్లడు. రసీదు రాసిచ్చినా లేవలేదు.

"ఏమన్నారమ్మా?"

"రేపు నన్నడగాల్సిన ప్రశ్నలు నన్నే రాయమన్నారు."

ఆయన దానికి ఆశ్చర్యపోలేదు. వయసులో పెద్దవాడు, అలాంటివి చాలానే చూసి ఉంటాడు.

ప్రశ్నలమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. పంతొమ్మిదేళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే కదిలాయి. 'ఒకటి. పదకొండో సిఫార్సుపై సంస్థ పంపిన జవాబులోని రెండో పేజీని పరిశీలించిన అధికారి ఎవరు? ఆ పేజీని చదివారా? చదవనిచో, చదివినట్లు గుర్తు ఎందుకు పెట్టారు?' అది ఎవరైనా రాయగలిగిన ప్రశ్న. ఇంకెవరు రాసినా అక్కడితో ఆపి సంతకం పెట్టేవాళ్లు.

కాసేపు ఖాళీగా ఉన్న గీత వైపు చూసింది. తర్వాత కొట్టింది. 'రెండు. ప్రమాదానికి గురైన లాంచీ సరంగుతో సదరు అధికారికి బంధుత్వమేమైనా కలదా? ఉన్నచో, ఇంతవరకు ఎందుకు తెలియజేయలేదు?'

జవాబులయ్య కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు.

"ఇదెందుకమ్మా రాశారు?"

"ఉంది కాబట్టి."

"ఏమవుతాడు?"

"ఆడపడుచు భర్త. రెండు నెలలుగా మా ఇంట్లోనే ఉంటున్నారు."

ఆయన వెనక్కి వాలాడు. చాలాసేపు సంచీ పట్టీ మెలితిప్పుతూ కూర్చున్నాడు. "నేనొచ్చి మీకేదో మేలు చేస్తున్నాననుకున్నాను" అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించాడు. "తీసెయ్యండమ్మా అది. మీ కోసం కాదు, ఆయన కోసం చెప్తున్నాను. రేపు ఈ ప్రశ్న బయటపడిందా, మా ఎం.డి. ఒక్క మాట అంటాడు. చుట్టాన్ని కాపాడుకోవడానికి ఈవిడే ఆ పేజీ పుట్టించి ఫైల్లో గుచ్చిందంటాడు. తన సంతకం కూడా తనది కాదంటాడు. అప్పుడు ఆ కాయితం చెల్లదు, ఆయనకి ఉన్న ఒక్క ఆధారం పోతుంది. ఈ ఆఫీసులో ఎవరికీ తెలియదు కదా."

"రెండో పేజీలో ఏముందో కూడా ఎవరికీ తెలియదు కదండీ ఇన్నాళ్లూ."

"అదీ ఇదీ ఒకటి కాదమ్మా."

ఒకటో కాదో ప్రశ్నలమ్మకి తెలియలేదు. రాస్తే ఆయన మెడకి చుట్టుకోవచ్చు. రాయకపోతే, ఎవరో ఒకరు నాలుగు రోజులకైనా పట్టుకుంటారు, అప్పుడు మరీ గట్టిగా చుట్టుకుంటుంది. ఏది తక్కువ కీడో తేల్చుకునే తెలివి ఆ పూట తనకి లేదనిపించింది. ఒళ్లంతా నొప్పులుగా ఉంది. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఈ రెండో ప్రశ్న ఉంచాలో తియ్యాలో చెప్పవలసిన మనిషి తను కాదేమో, జైలుకి పోవాల్సిన మనిషిని అడగాలేమో అని మొదటిసారి అనిపించింది. అడగాలంటే ముందు రెండో పేజీ సంగతి చెప్పాలి. ఆకుపచ్చ సిరా సంగతి చెప్పాలి. వంటింటి గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉండగా చెప్పాలి. రెండు నెలలుగా వాళ్లతో తను అన్న మాట ఒక్కటే, అది నా చేతుల్లో లేదమ్మా అని.

బల్ల మీద ఇంటర్‌కం మోగింది. కింద సందర్శకుల కౌంటరు నుంచి.

"మేడమ్, మీకోసం ఒకాయనొచ్చారండీ. వాన పట్టేలా ఉందని మీకు గొడుగు తెచ్చారట. ఇక్కడ ఇచ్చి వెళ్లిపోతానంటున్నారు. మనిషి చీటీ రాయకుండా వస్తువు తీసుకోవడానికి మాకు రూల్సు ఒప్పుకోవు కదండీ. రాయమంటే పేరు రాశారు, మీకేమవుతారు అన్న గడి దగ్గర ఆగిపోయారు. అది మిమ్మల్నే అడగమంటున్నారు. ఏం రాయమంటారు?"

ప్రశ్నలమ్మ కిటికీ వైపు చూసింది. నిజమే, చినుకులు మొదలయ్యాయి. తను చూడనే లేదు.

"మేడమ్? తెలిసినాయన అని రాసెయ్యనా?"

"వద్దు" అంది. "మా ఆడపడుచు భర్త అని రాయండి. గొడుగు అక్కడ తీసుకోకండి. ఆయన్నే పైకి పంపించండి, మూడో అంతస్తు."

ఫోను పెట్టేసరికి జవాబులయ్య లేచి నిలబడి ఉన్నాడు. గబగబా చేయి చాపి బల్ల మీది కాయితం సంచీలో పెట్టుకోబోయాడు.

"దాన్నక్కడే ఉండనివ్వండి" అంది ప్రశ్నలమ్మ. "కమిటీ కన్నా ముందు ఆయన చదవాలి."